ఊళ్లో రిగ్, సిటీలో మైకు: రిమోట్ హామ్ స్టేషన్‌కు ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉంటూ హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకు నడిపే రేడియో స్టేషన్) మీద హెచ్‌ఎఫ్, అంటే దూరాలకు అందే షార్ట్‌వేవ్ నడపాలంటే ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను ఒప్పించాలి. వాళ్లు దయతలచి టెర్రస్ మీద తీగ కట్టనిచ్చినా బాధ తీరదు. లిఫ్టు డ్రైవ్, ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్, ప్రతి ఇంట్లో నాలుగు చార్జర్లు, అన్నీ కలిసి 40 మీటర్ల బ్యాండ్‌లో ఎస్-మీటర్‌ను (సిగ్నల్ బలం చూపేది) వట్టి రొదతోనే 8, 9 దగ్గర కూర్చోబెడతాయి. మనం పిలిస్తే అవతలి స్టేషన్ వాళ్లకు వినబడుతుంది, వాళ్ల జవాబు మనకు వినబడదు. అదే రిగ్‌ను (రేడియో సెట్టును) భీమవరం పక్కన ఊళ్లో పెద్దవాళ్ల ఇంట్లో పెట్టి, రెండు కొబ్బరి చెట్ల మధ్య డైపోల్ (తీగ యాంటెన్నా) లాగితే కథే వేరు. అక్కడ పెట్టి ఇక్కడి నుంచి నడపాలన్న ఆలోచన మన హామ్‌లలో చాలామందికి వచ్చేది ఇలాగే.

పద్ధతులు చాలానే ఉన్నాయి. ఆడియో ఎంత బాగుంటుంది, వాటర్‌ఫాల్ (బ్యాండ్ మీది సిగ్నళ్లను చూపే తెరబొమ్మ) ఎంత అందంగా కనిపిస్తుంది అని పోల్చి చూస్తుంటారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది: లింకు తెగిన క్షణంలో రిగ్ ఏం చేస్తుంది, దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి ఎవరు రాత్రి బస్సెక్కాలి? కింద రాసిన పోలికంతా ఈ కొలతతోనే.

ఎఫ్‌టీ8 ఒక్కటే అయితే: పాత పీసీ, రిమోట్ డెస్క్‌టాప్

ఊళ్లో ఒక పాత పీసీ, దానికి యూఎస్‌బీ కేబుల్‌తో రిగ్, ఇక్కడి నుంచి ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్ లాంటి దూరం నుంచి పీసీ నడిపే సాఫ్ట్‌వేర్. ఖర్చు దాదాపు లేదు. ఎఫ్‌టీ8కి, అంటే కంప్యూటర్లే చిన్న చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకునే డిజిటల్ పద్ధతికి, ఇంతకన్నా మంచి దారి లేదంటాను. ఎఫ్‌టీ8 నడిపే ప్రోగ్రామ్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ రిగ్ పక్కనే నడుస్తుంది కాబట్టి 15 సెకన్ల స్లాట్, గడియారం, ఆడియో అన్నీ అక్కడికక్కడే తేలిపోతాయి. నెట్ మీద వచ్చేది తెరబొమ్మ మాత్రమే. మధ్యలో అది రెండు క్షణాలు బిగుసుకున్నా క్యూఎస్ఓకు (రేడియో సంభాషణకు) ఏమీ కాదు. ఇదే ప్రోగ్రామ్‌ను హైదరాబాద్‌లో నడిపి ఆడియోను నెట్ మీద తెప్పించుకుంటే నెట్ ఆలస్యమంతా డీటీ (టైము తేడా) కాలమ్‌లోకి వచ్చి కూర్చుంటుంది. అది ఒక హద్దు దాటితే డీకోడ్‌లు రాలిపోతాయి.

ఎస్ఎస్‌బీకి, అంటే గొంతుతో మాట్లాడటానికి, మాత్రం ఈ పద్ధతి నాకు నచ్చదు. ఈ సాఫ్ట్‌వేర్లు పీసీ తెరను నడపడానికి చేసినవి, రేడియో వినడానికి కాదు. బలహీనమైన స్టేషన్‌ను వినడానికి వాటి ఆడియోను నమ్ముకోలేం. ఇంకో గొడవ, విండోస్ డిఫాల్ట్ సౌండ్ పరికరంగా రిగ్ కోడెక్ (రిగ్‌లోని సౌండ్ కార్డు) ఎంపికై ఉండటం. పీటీటీని (ప్రసారం మొదలుపెట్టే స్విచ్‌ను) వాక్స్‌తో, అంటే శబ్దం తగలగానే, ఎక్కించే ఇంటర్‌ఫేస్ వాడుతుంటే, మెయిల్ వచ్చినప్పుడు మోగే 'టింగ్' 20 మీటర్ల బ్యాండ్ మీద ప్రసారమైపోతుంది. సౌండ్ సెట్టింగుల్లో డిఫాల్ట్‌ను మదర్‌బోర్డు స్పీకరుకు మార్చి, విండోస్ శబ్దాలన్నీ ఆపేయండి. బయోస్‌లో కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే మొదటి కరెంటు కోతతోనే మీ స్టేషన్ మూతపడుతుంది.

ఐసీ-7300 లాంటి రిగ్ ఇప్పటికే ఉంటే: రాస్ప్‌బెర్రీ పై

మన దగ్గర ఎక్కువమందికి సరిపోయేది ఇదే. ఐకామ్ వాళ్ల మొదటి ఐసీ-7300కు నెట్‌వర్క్ పోర్టు లేదు గానీ ఒకే యూఎస్‌బీ కేబుల్ మీద ఆడియో, కంట్రోల్ రెండూ వస్తాయి. ఆ కేబుల్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్‌కు గుచ్చి, దాని మీద డబ్ల్యూఎఫ్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌గా నడిపితే చాలు. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ మీద అదే సాఫ్ట్‌వేర్ తెరిస్తే వాటర్‌ఫాల్, డయల్, మైకు అన్నీ చేతిలోకి వస్తాయి. ఐకామ్ సొంత ఆర్‌ఎస్-బీఏ1 కూడా ఈ పని చేస్తుంది, కాకపోతే అది డబ్బు పెట్టి కొనాలి, 7300 విషయంలో అవతల ఒక విండోస్ పీసీ కూడా ఉండాలి. నేనైతే రాస్ప్‌బెర్రీ పైనే పెడతాను. కరెంటు తక్కువ తాగుతుంది, అప్‌డేట్ పేరుతో అర్ధరాత్రి రీస్టార్ట్ అవదు.

రాస్ప్‌బెర్రీ పైతో ఒకటే చిక్కు: ఎస్‌డీ కార్డు. మాటిమాటికి కరెంటు పోయే చోట కార్డు పాడైపోయే అవకాశం ఎక్కువ. చిన్న ఎస్ఎస్‌డీ మీద నుంచి బూట్ చేయించండి, లేదా ఫైల్ సిస్టమ్‌ను రీడ్-ఓన్లీ చేసేయండి. అదే సెటప్‌తో ఇంకో కార్డు తయారుచేసి ఊళ్లో కవర్లో పెట్టి ఉంచితే, ఇంట్లో కుర్రాడెవరైనా ఫోన్లో మీరు చెబుతుంటే మార్చగలడు.

యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-857, ఐసీ-718 లాంటి పాత రిగ్‌లకు బయటి సౌండ్ ఇంటర్‌ఫేస్, క్యాట్ కేబుల్ (కంప్యూటర్‌తో రిగ్‌ను కంట్రోల్ చేసేది) విడిగా కావాలి. అప్పుడు హ్యామ్‌లిబ్‌లోని రిగ్‌సీటీఎల్‌డీతో కంట్రోల్, మంబుల్‌తో ఆడియో పంపించుకోవచ్చు. పని జరుగుతుంది, కానీ చెడిపోయే కీళ్లు ఎక్కువ. లినక్స్ మీద చేయి తిరిగినవాళ్లకే ఇది.

కొత్త రిగ్ కొనబోతుంటే: నెట్‌వర్క్ పోర్టు ఉన్నదే

ఐసీ-7610, ఐసీ-9700లో ల్యాన్ సర్వర్ రిగ్‌లోనే ఉంది. కెన్‌వుడ్ టీఎస్-890ఎస్ కూడా అవతల పీసీ లేకుండానే నెట్‌వర్క్ మీద నడుస్తుంది. యాయెసు వాళ్లు ఎఫ్‌టీడీఎక్స్101, ఎఫ్‌టీడీఎక్స్10, ఎఫ్‌టీ-710లకు ఎస్‌సీయూ-ల్యాన్10 అనే పెట్టె విడిగా అమ్ముతారు. చిన్న ఐసీ-705లో వైఫై ఉంది, పవరు మాత్రం 10 వాట్లే. మధ్యలో పీసీ లేకపోవడమంటే చెడిపోయే వస్తువు ఒకటి తగ్గినట్టే. ఈ ఒక్క కారణానికే వీటికి ఎక్కువ మార్కులు వేస్తాను.

7610, 9700 కొన్నవాళ్లు మెనూలో రిమోట్ పవర్-ఆఫ్ సెట్టింగ్‌ను తప్పకుండా చూడండి. అందులో స్టాండ్‌బై ఉన్న ఎంపిక పెడితే దూరం నుంచి ఆపినా నెట్‌వర్క్ భాగం మెలకువగా ఉంటుంది, మళ్లీ లేపవచ్చు. షట్‌డౌన్ మాత్రమే పెడితే ఒకసారి ఆపాక ఎవరో వెళ్లి బటన్ నొక్కాల్సిందే.

ఫ్లెక్స్‌రేడియో గురించి రెండు ముక్కలు. ఈ అమెరికా కంపెనీ రిగ్‌లు 6000 సిరీస్ నుంచీ నెట్‌వర్క్ కోసమే కట్టినవి. స్మార్ట్‌లింక్‌తో బయటి నుంచి కలపడం మిగతావాటికంటే సులువు. ధర, దిగుమతి, రిపేరు వస్తే వెనక్కి పంపడం, ఈ మూడూ ఆలోచించుకున్నాక కూడా కావాలంటే కొనుక్కోండి.

సీడబ్ల్యూ మీద ప్రాణం ఉన్నవాళ్లకు

సీడబ్ల్యూ అంటే కీతో మోర్స్ పంపడం. కీ కొట్టిన చప్పుడు నెట్ చుట్టి తిరిగొచ్చి చెవిలో పడితే ఎవరి చేయైనా తడబడుతుంది. అందుకని సైడ్‌టోన్ (మనం కొట్టింది మనకే వినిపించే శబ్దం) మన దగ్గరే పుట్టాలి. స్వీడన్ వాళ్ల రిమోట్‌రిగ్ పెట్టెల జత ఈ పని చక్కగా చేస్తుంది. ఒకటి ఊళ్లో, ఒకటి మన టేబుల్ మీద. కీయర్ (మోర్స్ చుక్కలు, గీతలు పుట్టించేది) మన వైపు పెట్టెలోనే ఉంటుంది. కెన్‌వుడ్ టీఎస్-480 లాగా ముఖం విడిగా వచ్చే రిగ్ అయితే ముఖాన్ని హైదరాబాద్‌లో పెట్టుకుని అసలు నాబ్ తిప్పుతూ కూర్చోవచ్చు. కంప్యూటర్ మొహమే చూడక్కర్లేదు. పెట్టెలు ఖరీదే, రూటర్‌లో పోర్టులు తెరవడం లేదా వీపీఎన్ రూటర్లు రెండు వైపులా పెట్టడం తప్పదు. అయినా నాబ్ మీద మమకారం ఉన్న పెద్దవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఖర్చు వద్దనుకుంటే కీబోర్డుతో పంపండి. డబ్ల్యూఎఫ్‌వ్యూలో టైప్ చేసిన అక్షరాలు రిగ్ దగ్గరకు వెళ్లాకే మోర్స్‌గా మారతాయి కాబట్టి నెట్ తడబాటు డిట్, డాల మీద పడదు. పూర్తి బ్రేక్-ఇన్ (కొట్టే అక్షరాల మధ్యలోనే అవతలివాళ్లను వినడం) మీద ఆశ మాత్రం ఏ పద్ధతిలోనూ పెట్టుకోకండి.

నెట్: స్పీడు కాదు, అడ్రసు సమస్య

కంప్రెస్ చేయని 16 బిట్ల, 16 కిలోహెర్ట్జ్ ఆడియోకు సెకనుకు 256 కిలోబిట్లు సరిపోతాయి. గంటకు 115 ఎంబీ. వాటర్‌ఫాల్ కలిపినా ఊరి ఫైబర్ మీద ఇది లెక్కలోకి రాదు, 4జీ మీద కూడా నడుస్తుంది. ఇబ్బంది పెట్టేది జిట్టర్. రాత్రి ఏడు నుంచి పది దాకా ఊరంతా ఫోన్లలో వీడియోలు చూస్తుంటే ప్యాకెట్లు ఒకటి ముందు ఒకటి వెనక వస్తాయి, ఆడియో తుంపులు తుంపులుగా వినిపిస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బఫర్ కాస్త పెంచుకోండి. ఎస్ఎస్‌బీ రాగ్‌చ్యూకు (తీరిక కబుర్లకు) పావు సెకను ఆలస్యం ఎవరికీ తెలియదు. పైలప్‌లో, అంటే ఒకే స్టేషన్ కోసం అందరూ ఎగబడి పిలిచేటప్పుడు, తెలుస్తుంది.

అసలు గోడ ఇంకోటి. మన దగ్గర మొబైల్ నెట్ దాదాపు అంతా, చాలా ఊళ్ల ఫైబర్ కనెక్షన్లూ సీజీనాట్ వెనక ఉంటాయి. అంటే వందలమందికి కలిపి ఒకే పబ్లిక్ అడ్రసు. ఊళ్లో రూటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు దాని వెనకే ఉన్నారు, పోర్ట్ ఫార్వర్డింగ్‌తో రోజంతా కుస్తీ పట్టినా లాభం లేదు. కేబుల్ ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ అడగవచ్చు. నెలకు కొంత ఎక్కువ తీసుకుని ఇచ్చేవాళ్లున్నారు, ప్రశ్నే అర్థంకానివాళ్లూ ఉన్నారు.

అందుకని టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటి వీపీఎన్‌లు వాడటమే మంచిది. రెండు చివరలూ లోపలి నుంచి బయటికి వచ్చి కలుసుకుంటాయి కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. ఒక్కోసారి నేరుగా కలవలేక మధ్యలో రిలే సర్వర్ ద్వారా పోతాయి, అప్పుడు ఆలస్యం పెరుగుతుంది. టెయిల్‌స్కేల్ స్టేటస్‌లో డైరెక్ట్ అనో రిలే అనో రాసి ఉంటుంది. ఆడియో బాగాలేదని రిగ్‌ను తిట్టుకునే ముందు అది చూడండి. పబ్లిక్ ఐపీ దొరికిన అదృష్టవంతులు వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టుకుంటే చాలు. ఐకామ్ వాడే 50001, 50002, 50003 యూడీపీ పోర్టులను నేరుగా ప్రపంచానికి తెరిచి పెట్టడం మాత్రం వద్దు. మీ కాల్‌సైన్‌తో ఇంకెవడో మాట్లాడితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

గాలిలో మాట్లాడేది సాదా భాషలో ఉండాలి కదా, వీపీఎన్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని కొందరికి సందేహం. ఆ తాళం నెట్ మీద నడిచే కంట్రోల్ లింకుకే. యాంటెన్నా నుంచి బయటికి వెళ్లేది మామూలు ఎస్ఎస్‌బీయే.

రిగ్ ప్రసారం ఆపేదెవరు

ఊహించుకోండి. ఎండ్-ఫెడ్ (ఒక చివర కేబుల్ కలిపే) యాంటెన్నా, ఫీడ్ దగ్గర చోక్ (కేబుల్ వెంట ఆర్‌ఎఫ్ రాకుండా ఆపేది) లేదు. 100 వాట్లతో 15 మీటర్ల బ్యాండ్ మీద మాట్లాడుతున్నారు. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పైతొడుగు మీదుగా ఆర్‌ఎఫ్, అంటే ప్రసారపు రేడియో శక్తి, రిగ్ ఉన్న గదిలోకి దిగి యూఎస్‌బీ కేబుల్‌ను తాకింది. రాస్ప్‌బెర్రీ పై ఆ యూఎస్‌బీ పరికరాన్ని ఒక్క క్షణం వదిలేసింది. 'పీటీటీ ఆన్' అన్న ఆజ్ఞ వెళ్లింది, 'ఆఫ్' వెళ్లే దారి లేదు. మీ తెర మీద బొమ్మ నిలిచిపోయింది. ఊళ్లో రిగ్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇది రిమోట్ హామ్‌లందరికీ తెలిసిన పీడకల. మొదటి మందు ఫెర్రైట్: యాంటెన్నా ఫీడ్ దగ్గర చోక్, యూఎస్‌బీ కేబుల్‌ను 31 మిక్స్ రింగు చుట్టూ ఐదారు చుట్లు. ఎండ్-ఫెడ్ బదులు బాలన్ (డైపోల్‌ను కోయాక్స్‌కు జోడించేది) పెట్టిన డైపోల్ వాడితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

రెండోది రిగ్‌లోని టైమ్-అవుట్ టైమర్. ఐసీ-7300లో కంప్యూటర్ ద్వారా ఎక్కించిన ట్రాన్స్‌మిట్‌కు ఇది ఉంది, 3 నిమిషాలకు పెట్టండి. అమెరికాలో రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పార్ట్ 97 రూల్స్ కూడా కంట్రోల్ లింకు పాడైతే ప్రసారం 3 నిమిషాలకు మించకుండా ఏర్పాటు ఉండాలంటాయి. ఆ అంకె ఎక్కడైనా పనికొచ్చేదే. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో టీఎక్స్ వాచ్‌డాగ్ (ప్రసారం ఆపే టైమర్) ఉంది కదా అని ధైర్యపడకండి. యూఎస్‌బీ వదిలేశాక దాని మాట రిగ్‌కు చేరదు. టైమర్ లేని పాత రిగ్‌ను రిమోట్‌కు అసలు పెట్టకండి, ఎంత ఇష్టమైనదైనా సరే.

మూడోది కరెంటు తీసేసే దారి. చాలామంది వైఫై స్మార్ట్ ప్లగ్ పెట్టి ఊరుకుంటారు. రూటర్ బిగుసుకుపోతే ప్లగ్ కూడా చేతికి అందదు కదా! ఇది వేరే దారిలో రావాలి. బోరు మోటార్లకు రైతులు వాడే మొబైల్ స్టార్టర్లు చూశారుగా, అదే పద్ధతిలో కాల్ లేదా ఎస్ఎంఎస్‌తో పనిచేసే జీఎస్ఎం రిలే ఒకటి 13.8 వోల్టుల సప్లై ముందు పెట్టండి. చవకవి 2జీ మీద నడుస్తాయి, జియోకు 2జీ లేదు, కాబట్టి 2జీ నడిచే వేరే నెట్‌వర్క్ సిమ్ వేయాలి. సిమ్‌కు రీచార్జి అయిపోకుండా చూసుకోవడం కూడా స్టేషన్ మెయింటెనెన్స్ కిందే లెక్క.

రూటర్ బిగుసుకుపోవడానికి మందు మరీ సులువు. టైమర్ సాకెట్ పెట్టి రోజూ తెల్లవారుజామున నాలుగింటికి రూటర్‌కూ ఓఎన్‌టీకీ (ఫైబర్ పెట్టెకూ) పావుగంట కరెంటు తీసి మళ్లీ ఇప్పించండి. ఇక చివరి ఆసరా అమ్మో, మేనత్తో. బోర్డు మీద ఒక స్విచ్‌కు ఎర్ర టేపు అంటించి, 'ఫోన్ చేసి చెబితే ఇది ఆపు' అని చూపించి రండి. లక్ష రూపాయల రిగ్‌కు ఆ ఎర్ర టేపు స్విచ్చే నికరమైన రక్షణ.

యాంటెన్నా, బ్యాటరీ, పిడుగు

దూరం నుంచి ట్యూన్ చేయాల్సిన పని లేని యాంటెన్నాయే మేలు. రెండు మూడు బ్యాండ్‌లకు కత్తిరించిన ఫ్యాన్ డైపోల్ చాలు. రోటేటర్‌ను (యాంటెన్నా తిప్పే మోటారును) మొదటి ఏడాది వదిలేయండి. అది గాలికి చిక్కుకుంటే ఎక్కి విప్పేవాళ్లుండరు. డెల్టాలో తడినేల వర్టికల్ (నిలువు) యాంటెన్నాకు బాగా కలిసొస్తుంది, కానీ పక్కనే చేపల చెరువుల మోటార్లకు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే) డ్రైవ్‌లు ఉంటే వాటి రొదతో ఊరు కూడా హైదరాబాదే అయిపోతుంది. చోటు ఖాయం చేసే ముందు ఒక చిన్న రిసీవర్‌తో అక్కడ ఒక రాత్రి వినండి.

కరెంటుకు 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మంచి ఎంపిక. కాకపోతే అప్పుడు జీఎస్ఎం రిలే, ఎర్ర టేపు స్విచ్ బ్యాటరీకీ రిగ్‌కూ మధ్యలో ఉండాలి, లేకపోతే అవి ఆపినా రిగ్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. రిసీవ్‌లో రిగ్, రాస్ప్‌బెర్రీ పై, ఓఎన్‌టీ కలిపి రెండు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటాయనుకుంటే 40 గంటల దాకా లాగుతుంది. 100 వాట్ల ట్రాన్స్‌మిట్‌లో రిగ్ ఒక్కటే 20 ఆంపియర్లు గుంజుతుంది, కాబట్టి ఎక్కువ మాట్లాడేవాళ్లకు ఈ లెక్క తగ్గుతుంది. చార్జర్ నాయిస్ లేనిది చూసి కొనండి.

పిడుగుల కోసం కోయాక్స్ రిలే పెట్టండి. దానికి కరెంటు ఉన్నప్పుడే యాంటెన్నా రిగ్‌కు తగలాలి, లేనప్పుడు ఎర్త్‌కు పోవాలి. అప్పుడు మీరు మరిచిపోయినా, కరెంటు పోయినా అది క్షేమంగానే ఉంటుంది. నేరుగా మీద పడే పిడుగును ఏదీ ఆపదు. తుపాను హెచ్చరిక వస్తే ఫోన్ చేసి కేబుల్ ఊడదీయించండి.

కాగితాల పని

లైసెన్సు మీద స్టేషన్ చిరునామా ఉంటుంది. మన అమెచ్యూర్ సర్వీస్ రూల్స్ 1978 నాటివి, ఇంటింటికీ నెట్ అన్న ఊహే లేని కాలానివి. అందుకని నలుగురూ చేస్తున్నారు కదా అని దిగకండి. రిగ్ ఊరికి మారుతోందని, రిమోట్‌గా నడుపుతామని లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీకి రాసి, జవాబును కాగితం మీద తీసుకోండి. దరఖాస్తులు సరళ్ సంచార్ పోర్టల్‌లోనే. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ సూత్రం ఒకటే: ట్రాన్స్‌మిటర్ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు లైసెన్సు, ఆ దేశపు రూల్స్. డల్లాస్ ఇంట్లో హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) యాంటెన్నా కట్టనివ్వట్లేదని గోదావరి జిల్లాలో రిగ్ పెట్టుకున్నా, అది భారత స్టేషనే. డీఎక్స్‌సీసీ (ఎన్ని దేశాలతో మాట్లాడామన్న అవార్డు) లెక్కలోకీ అలాగే వస్తుంది.

ఎఫ్‌టీ8లో గ్రిడ్ (స్టేషన్ చోటును తెలిపే కోడ్) కూడా రిగ్ ఉన్న చోటిదే ఇవ్వాలి. కుర్చీ హైదరాబాద్‌లో ఉన్నా ఎంకే97 కాదు, భీమవరం వైపు ఎన్‌కే06. కాంటెస్టులు ఆడేవాళ్లు ఒక విషయం గమనించాలి: సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో రిమోట్‌కు అనుమతి ఉంది, కానీ ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు 500 మీటర్ల వ్యాసం గల వృత్తంలో ఉండాలి. మాట్లాడేది ఊరి రిగ్‌తో, వినేది ఇంకెక్కడో ఉన్న కివీఎస్‌డీఆర్‌తో (నెట్ మీద వినే రిసీవర్‌తో) అంటే కుదరదు.

మరి ఏది తీసుకోవాలి

కొత్తగా లైసెన్సు వచ్చి, చేతిలో ఒక రిగ్, పాత పీసీ ఉంటే ఎఫ్‌టీ8తో రిమోట్ డెస్క్‌టాప్ మీదే మొదలుపెట్టండి. నెట్, కరెంటు, ఇంట్లోవాళ్ల ఓపిక ఎంతో అక్కడే తెలిసిపోతుంది. 7300 ఉండి మాట్లాడాలనుకుంటే రాస్ప్‌బెర్రీ పై, డబ్ల్యూఎఫ్‌వ్యూ, టెయిల్‌స్కేల్. రిగ్ కొత్తగా కొంటుంటే ల్యాన్ ఉన్నది. సీడబ్ల్యూ వాళ్లకు రిమోట్‌రిగ్. ఊళ్లో స్విచ్ ఆపే మనిషే లేని ఖాళీ ఇల్లయితే మాత్రం, పైవన్నీ ఉన్నా జీఎస్ఎం రిలే పనిచేస్తోందని తేలేదాకా 100 వాట్లు పెట్టకండి. 20 వాట్లతో నడపండి.

ఏది ఎంచుకున్నా రిగ్‌ను వెంటనే బస్సెక్కించకండి. సెటప్ మొత్తం మీ ఫ్లాట్‌లోనే పక్క గదిలో పెట్టి, తలుపు వేసి, ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి వారం రోజులు నడపండి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (ప్రసారాన్ని బయటికి పోనీయకుండా వేడిగా మార్చేది) ఉన్నా చాలు. మాట్లాడుతుండగా రూటర్ ప్లగ్ పీకండి. రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు తీసి ఇవ్వండి. ట్రాన్స్‌మిట్‌లో ఉండగా యూఎస్‌బీ కేబుల్ ఊడదీసి, టైమర్ మూడో నిమిషంలో రిగ్‌ను ఆపుతుందో లేదో గడియారం పెట్టి చూడండి. ప్రతిసారీ ఆ గది తలుపు తీయకుండా స్టేషన్‌ను తిరిగి నిలబెట్టగలిగితే, అప్పుడు టికెట్ బుక్ చేసుకోవచ్చు.